కారణం గడి

సోమవారం పొద్దున హదస్సా చేసిన మొదటి పని, ఎప్పుడో తానే ఆపేసిన దాన్ని మళ్ళీ మొదలుపెట్టడం.

ఆ ఆఫీసు రాంగోపాల్‌పేట్‌లో పంపుసెట్ల దుకాణాల మీద ఉంది. కింద మోటార్లు అమ్ముతారు, పైన అమెరికా ఆసుపత్రుల బిల్లులు చేస్తారు. పనిచేసే ప్రతి మనిషికీ సర్వర్‌లో ఒక పేరుంటుంది. ఆ పేరు ఏ గ్రూపులో ఉంటే ఆ గ్రూపు ఫైళ్ళు తెరుచుకుంటాయి. బిల్లింగు గ్రూపుకి బిల్లులు, జీతాల గ్రూపుకి జీతాలు. పేర్లను గ్రూపుల్లో చేర్చడం, తియ్యడం హదస్సా ఉద్యోగం. ఎవర్ని చేర్చారు, ఎవర్ని తీశారు, ఎప్పుడు అన్నది సర్వర్ తనంతట తానే రాసుకోగలదు, రాసుకోమంటే. డిస్కు నిండిపోతోందని హదస్సా వద్దంది. వద్దన్నాక అది బుద్ధిగా మానేసింది. ఇన్నేళ్ళలో ఆ రికార్డు ఏదమ్మా అని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు.

ఇప్పుడు ఆడిటరు వస్తున్నాడు. "బుధవారం దిగుతున్నడంట హదస్సా. గ్రూపుల మార్పులన్నీ సూపెట్టుమంటడు. గా రికార్డు జెర షురూ చేసి పెట్టు," అని సిస్టమ్స్ మేనేజరు బ్రహ్మచారి శనివారం సాయంత్రం లిఫ్టు ఎక్కుతూ చెప్పాడు. ఆయన చెప్పే పనులన్నీ లిఫ్టు తలుపుల మధ్యనుంచే వస్తాయి. తలుపులు మూసుకున్నాక ఆయనకి గుర్తుండవు, చేసేసిన తర్వాత హదస్సాకి గుర్తుండవు. అలా ఇద్దరికీ బాగానే సాగిపోతోంది.

ఆమె రెండు గడుల్లో టిక్కు పెట్టి, సరేనని నొక్కి, టీ కప్పు చేతిలోకి తీసుకుంది. సగం తాగేలోపు ఫోను మోగింది.

సీతారత్నం. ఆవిడ హెచ్ఆర్ మేనేజరు. ఆవిడ గొంతు ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. ఈ ఫోను చేసేటప్పుడు ఇంకాస్త మెత్తబడుతుంది.

"హదస్సా, ఒక పేరుందమ్మా. ఇప్పుడే లోపలికి పిలుస్తున్నాను. తీసెయ్."

ఆ ఆఫీసులో ఉద్యోగం పోయే సంగతి పోయేవాడికన్నా ముందు హదస్సాకి తెలుస్తుంది. మనిషిని గాజు గదిలోకి పిలిచి కబురు చెప్పేలోపు అతని కంప్యూటరు మూతపడాలి. కోపంలో ఏ ఫైలు చెరిపేస్తాడోనని వాళ్ళ భయం. మొదట్లో ఒక పేరు తీసిన రోజున హదస్సాకి అన్నం సహించేది కాదు. తర్వాత్తర్వాత సహించింది. ఇప్పుడు పేరు పూర్తిగా చదవడం కూడా మానేసింది. నాలుగు అక్షరాలు కొడితే మిగతాది తెర మీద అదే వస్తుంది. తియ్యమంటే, నిజంగానా అని అడుగుతుంది. ఔనంటే అయిపోతుంది. ఒక చెయ్యి చాలు, రెండో చేతిలో టీ చల్లారకుండా చూసుకోవచ్చు.

"ఎవరు మేడం?"

"పైడిబాబు. బిల్లింగు."

ఎడమచెయ్యి టీ కప్పుని కింద పెట్టింది. కుడిచెయ్యి మాత్రం తన పని తాను చేసుకుపోయింది. నిజంగానా అని తెర అడిగింది. హదస్సా ఔనంది.

పైడిబాబు ఎవరో ఆమెకి తెలియక కాదు. ఆదివారం ఆమె చర్చిలో కూచుని పాడగలుగుతోందంటే అది ఆయన చలవే. ఆ ఆఫీసుకి ఆదివారాలు లేవు. బిల్లింగులో, హెచ్ఆర్‌లో చర్చికి వెళ్ళేవాళ్ళు కొంతమంది ఉన్నారు. మొదటి ఏడాది వాళ్ళంతా మొహాలు వేలాడేసుకుని ఆదివారం డ్యూటీకి వస్తుంటే పైడిబాబే, "మీరు ప్రార్థనకెళ్ళి రండమ్మా. దేవుడి పని కదేటి. ఇక్కడ మేం చూసుకుంటాం," అన్నాడు. ఆయనది విజయనగరం. పైడితల్లి జాతరకి తప్పకుండా ఊరెళ్తాడు. అప్పుడు ఆయన కుర్చీలో చర్చివాళ్ళు కూచుంటారు. దసరాకీ అంతే. ఏ రూలులోనూ లేని ఈ ఏర్పాటు ఒక్కసారి కూడా తప్పలేదు. ఆదివారం వచ్చేవాళ్ళకి రానివాళ్ళ ఫైళ్ళు అందాలి కాబట్టి హదస్సా 'సండే' అని ఒక గ్రూపు చేసి వచ్చేవాళ్ళందరినీ అందులో వేసింది.

గాజు గది తలుపు మూసుకుంది. మాటలు వినబడవు గాని మనుషులు కనబడతారు. సీతారత్నం టిష్యూ డబ్బా పైడిబాబు వైపు జరిపింది. ఆయన దాన్ని అర్థంకానట్టు చూసి, ఒకటి తీసుకుని, ఏం చెయ్యాలో తోచక బల్లమీద పడిన నీళ్ళ మరక తుడిచాడు.

బయటికి వచ్చేసరికి మెళ్ళో కార్డు లేదు. ఒక చేతిలో టిఫిను క్యారియరు, పక్కన గార్డు. అలా వచ్చేవాళ్ళు ఎవరి మొహమూ చూడకుండా తిన్నగా లిఫ్టు దగ్గరికి పోతారు. పైడిబాబు మాత్రం మళ్ళి హదస్సా బల్ల దగ్గరికి వచ్చాడు. గార్డు మోచెయ్యి పట్టుకున్నాడు గాని గట్టిగా పట్టుకోలేదు.

"అమ్మా, ఒక్క మాట. జీతాల ఫైలు నీకెలా తెరుచుకుందని అడుగుతన్నారు. నాకేటి తెలుస్తాది? నిన్న ఏదో బిల్లు ఎతుకుతుంటే తగిలింది. తెరిచాను. అబద్ధమెందుకు, నా జీతం చూసీసాను, పక్కోడిది కూడా చూసీసాను. మూసీసి, ఇవాళ పొద్దున్నే ఎళ్ళి, అమ్మా మీ జీతాల ఫైలు మా అందరికీ కనబడిపోతంది, జాగర్త చేసుకోండని మేడం గారికి చెప్పీసాను. అదీ నాను చేసింది."

"అంతేనా?"

"అంతే. దొంగతనంగా దూరాడని కాయితం మీద రాసిచ్చీసారమ్మా. ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకుంటాను. ఆ కాయితం పట్టుకుని ఎవరి గుమ్మం ఎక్కగలను? నన్ను అందులో ఎవులు చేర్చారో మీకు తెలుస్తాది కదా. చూసి చెప్పండి. ఆ ఒక్క మాట చాలు."

హదస్సా తెర వైపు చూసింది. రికార్డు మొదలై గంట కాలేదు. అందులో ఉన్న మార్పు ఒక్కటే. పైడిబాబుని తీసెయ్యడం.

"చూస్తానండి," అంది.

లాలాగూడలో ఇల్లు. ఆమె భర్త ఆషర్ మిషన్ స్కూల్లో లెక్కలు చెబుతాడు. ఆమె వచ్చేసరికి మంచం మీద పేపర్లు పరుచుకుని దిద్దుతున్నాడు. హదస్సా కాళ్ళు కడుక్కుని, పళ్ళెంలో అన్నం పెట్టుకుని, కూర జోలికి పోకుండా చారు పోసుకుని గబగబా తినసాగింది. ఆషర్ కాసేపు చూశాడు.

"ఎవర్ని తీసేశావు ఇవాళ?"

"పైడిబాబు గార్ని."

ఎర్ర పెన్ను ఆగింది. క్రిస్మస్‌కి తమ ఇంటికొచ్చి, కేకు మీది జీడిపప్పు ఏరి పిల్లలకి పంచిపెట్టిన మనిషి. "ఆయనేం చేశాడు?"

"జీతాల ఫైలు అందరికీ తెరుచుకుంటోందని వెళ్ళి చెప్పాడు."

"చెప్పినందుకా?"

"చెప్పాడంటే చూశాడన్నమాటే కదా అంటున్నారు."

"మరి నువ్వేమన్నావు?"

"నేనేమంటాను? తియ్యమన్నారు, తీశాను."

అన్నాక ఆ మాట ఆమె చెవికే వింతగా తగిలింది. బస్సు నంబరు చెప్పినట్టు చెప్పింది. ఆషర్ ఆమె మొహంలోకి చూశాడు. "బాధగా లేదూ?"

హదస్సా వెతుక్కుంది. నిజంగానే వెతుక్కుంది. "లేదు," అంది. ఆ రాత్రి ఎప్పటిలాగే నిద్రపట్టింది. పొద్దున లేచాక ఆ నిద్ర తలుచుకుంటే మాత్రం కొంచెం అసహ్యమేసింది.

మంగళవారం జీతాల గ్రూపు తెరిచి చూసింది. హెచ్ఆర్ వాళ్ళ పేర్లు, వాటి కింద చివర్న 'సండే' అని ఉంది. పైడిబాబు పేరు విడిగా ఎక్కడా లేదు. ఎవరో ఆదివారం గ్రూపుని మొత్తంగా తీసుకొచ్చి జీతాల గ్రూపులో పడేశారు. అంటే ఆదివారం డ్యూటీ చేసే ప్రతివాడికీ ఆఫీసు జీతాలన్నీ తెరుచుకుంటున్నాయి. కొత్తగా చేరిన పిల్లలకి పాతవాళ్ళకన్నా ఎక్కువ ఇస్తున్నారని క్యాంటీనులో కొన్నాళ్ళుగా గుసగుసలు ఎందుకు నడుస్తున్నాయో ఆమెకి ఇప్పుడు తెలిసింది. చూసినవాళ్ళు చాలామందే. వెళ్ళి చెప్పినవాడు ఒకడు.

ఎవరు చేర్చారు? ఆ పని చెయ్యగలిగిన చేతులు రెండు జతలు. తనవి, బ్రహ్మచారివి. ఇద్దరూ వాడేది 'అడ్మిన్' అన్న ఒకటే పేరు. హెచ్ఆర్‌లో ఉత్తరాలు ప్రింటు తీసే డోరా కూడా చర్చికి వెళ్ళే పిల్లే. ఏదో ఆదివారం డోరా పని ఇంకెవరో చెయ్యాల్సి వచ్చి ఉంటుంది. ఆ ఒక్కరోజు కోసం గ్రూపు చేర్చి, మర్నాడు తియ్యడం మరిచిపోయి ఉంటారు. అంతకు మించి కుట్ర ఏమీ ఉండదు.

హదస్సా కళ్ళు మూసుకుని కూచుంది. ఈస్టర్‌కి ముందు ఒక శనివారం గుర్తొచ్చింది. పాటల ప్రాక్టీసుకి ఆలస్యమవుతోంది. బ్యాగు భుజాన ఉంది. కుర్చీలో కూచోకుండా నిలబడే, వంగి, ఒంటి చేత్తో ఏదో చేసింది. ఏం చేసింది? వెనక లిఫ్టు గంట వినబడింది. చర్చిలో మగవాళ్ళు శ్రుతి తప్పితే మాస్టారు విసుక్కోవడం గుర్తొచ్చింది, ఆ రోజు వడగళ్ళు పడటం గుర్తొచ్చింది. చెయ్యి చేసిన పని మాత్రం రాలేదు. ఇదే కావచ్చు, కాకపోవచ్చు. ఒక మనిషి బతుకు తన చేతిలో పడి, ఆ చేతికే తెలియకుండా జారిపోయిందేమో.

బ్రహ్మచారి భోజనానికి వెళ్తుంటే లిఫ్టు దగ్గర పట్టుకుంది.

"సార్, సండే గ్రూపుని జీతాల్లో వెయ్యమని మీరెప్పుడన్నా చెప్పారా?"

"ఎప్పుడు?"

"అదే తెలీదు. ఈస్టర్ ముందు అనుకుంటాను. డోరా రాని ఆదివారం."

బ్రహ్మచారి నిజంగానే ఆలోచించాడు. ఆయన అబద్ధాలాడే మనిషి కాదు. "చెప్పిన్నేమో. చెప్పలేదేమో. నాకేం యాదుంటది హదస్సా, పొద్దుగాల్నుంచి ఎన్నో చెప్త. నేనే చేసిన్నేమో సుత. నువ్వే చేసినవేమో."

"నేనే చేశానేమో సార్."

"మరింకేంది పరేషాన్? ఆ గ్రూపుని అండ్లకెల్లి తీసెయ్, అయిపాయె."

"పైడిబాబు గారి సంగతి?"

"గది హెచ్ఆర్ ముచ్చట. మనకెందుకు గా తక్లీఫ్?" తలుపులు మూసుకున్నాయి.

ఆమె తిరిగొచ్చి సండే గ్రూపుని తీసేసింది. తర్వాత లేచి గాజు గది తలుపు తట్టింది. సీతారత్నం లంచి డబ్బా మూత పెడుతోంది.

"మేడం, పైడిబాబు గారు దొంగతనంగా దూరలేదు. గ్రూపే తప్పుగా చేర్చారు. నేనే చేర్చి ఉంటాను."

"ఉంటావా? చేర్చావా?"

"గుర్తు లేదు మేడం."

సీతారత్నం కుర్చీ చూపించింది. మనిషి చెడ్డది కాదు. ఎవరింట్లో పురుడొచ్చినా పళ్ళబుట్ట పంపేది ఆవిడే. "చూడమ్మా. నీకు గుర్తు లేదు. బ్రహ్మచారి గారికి గుర్తుండదు. ఎక్కడా రాసి లేదు. రేపు ఆడిటరు వస్తున్నారు. జీతాల ఫైలు నెలల తరబడి తెరిచి ఉంది, ఎవరు తెరిచారో మాకు తెలీదు అని చెప్పమంటావా? క్లయింటు ఉంటాడా ఆ తర్వాత? ఒకడు తప్పు చేశాడు, పట్టుకున్నాం, పంపించేశాం. వినడానికి ఇది బాగుంది. నాకు మాత్రం సరదానా?"

"ఆయనే కదా మేడం వచ్చి చెప్పింది."

"చెప్పకుండా ఉండాల్సింది," అంది సీతారత్నం. ఆ మాట నిజంగా బాధపడుతూనే అంది.

సాయంత్రం హదస్సా బస్టాపులో ఉండగా పైడిబాబు ఫోను చేశాడు. బేగంపేటలో ఒక ఆఫీసువాళ్ళు పరీక్ష పెట్టారట, బాగా చేశాడట, పాత ఆఫీసు కాయితం తెమ్మన్నారట.

"చూశారేటమ్మా?"

"రికార్డు లేదండి."

"ఎందుకు లేదు?"

"నేనే ఆపేశాను. చాన్నాళ్ళ కిందట."

ఫోనులో ఆటోల హారన్లు వినబడ్డాయి. "పోనీలెండి," అన్నాడు పైడిబాబు. "మీరేటి కావాలని ఆపీసారా. ఇంటికెళ్ళి అన్నం తినండమ్మా."

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది హదస్సాకి. బస్సొచ్చింది. ఎక్కకుండా దాన్ని పోనిచ్చి, తర్వాతది ఎక్కింది. ఎందుకలా చేసిందో ఆమెకే తెలియదు.

బుధవారం ఆడిటరు వచ్చాడు. భద్రయ్య ఆయన పేరు. చెన్నై కంపెనీ తరఫున వచ్చాడు గాని తెలుగాయనే. పెద్దవయసు, సన్నగా ఉన్నాడు, పొడుగు చేతుల చొక్కా. ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు తెచ్చుకుని మూతలో పోసుకుని గుక్కగుక్కగా తాగుతున్నాడు. ఆయన కోసం ముందే చల్లటి జ్యూసు తెప్పించి పెట్టిన బ్రహ్మచారి దాన్ని నెమ్మదిగా పక్కకి జరిపాడు. సీతారత్నం ఆయనకెదురుగా కూచుంది. హదస్సా లాప్‌టాపు తెర అందరికీ కనబడేటట్టు తిప్పింది.

"ఈ సోమవారం నుంచే ఉందేమిటి? అంతకు ముందుది?"

"సార్, సర్వర్ జెర అప్‌గ్రేడ్ చేసినం కద, గప్పుడు..." బ్రహ్మచారి నీళ్ళు నమిలాడు.

భద్రయ్య ఏదో రాసుకున్నాడు. "సరే. ఉన్నదే చూద్దాం. మొదటిది. పైడిబాబు. బిల్లింగు గ్రూపులోంచి తొలగింపు. ఎందుకు?"

ఆ మాట హదస్సాని ఆ ఆఫీసులో ఇంతవరకు ఎవరూ అడగలేదు. తియ్యమన్నవాళ్ళు కారణం చెప్పలేదు, తీసిన తను అడగలేదు.

"క్రమశిక్షణ చర్య సార్," అంది సీతారత్నం. "అనుమతి లేని ఫైలు చూశాడు."

"అనుమతి లేకపోతే ఎలా తెరుచుకుంది?"

సీతారత్నం హదస్సా వైపు చూసింది. ఆ చూపులో బెదిరింపు లేదు, బతిమాలుకోవడం ఉంది. బ్రహ్మచారి జ్యూసు గ్లాసు మీది తడిని వేలితో తుడుస్తున్నాడు. హదస్సా గుండె దడదడలాడింది. రెండు రోజులుగా అదసలు ఉన్నట్టే లేదు.

"అనుమతి ఉంది సార్," అంది. "ఆయనున్న గ్రూపుని జీతాల గ్రూపులో కలిపేశారు."

"ఎవరు?"

"తెలీదు సార్. రికార్డు నడవడం లేదప్పుడు. నేనే అయ్యుండొచ్చు."

"మరి అతను చూశాడని మీరు ఎలా పట్టుకున్నారు?"

"పట్టుకోలేదు సార్. ఫైలు తెరిచి ఉందని ఆయనే వచ్చి మేడంకి చెప్పాడు."

భద్రయ్య మూతలో ఉన్న నీళ్ళు తాగేసి దాన్ని ఫ్లాస్కుకి బిగించాడు. గొంతు పెంచలేదు. "చెప్పినవాణ్ణే తీసేశారా?"

సీతారత్నం కుర్చీ ముందుకి జరుపుకుని, "ఆ విచారణ ఇంకా అవ్వలేదు సార్. ప్రస్తుతం ఆయన సెలవులో ఉన్నారు," అంది.

"సెలవులో ఉన్నవాడి పేరు తీసెయ్యరే."

"చేర్చేస్తాం సార్."

"చేర్చండి. ఇకమీదట ప్రతి మార్పుకీ మూడు గడులు నింపండి. ఏం మార్చారు, ఎవరు చెప్పారు, కారణం. ఏ గడి ఖాళీగా ఉన్నా మార్పు చెయ్యొద్దు. వచ్చేసారి నేను చూసేది అదే." ఇలా చెప్పి ఆయన రెండో మార్పుకి వెళ్ళిపోయాడు. ఆయనకది రోజూ ఉండే పనే.

వరండాలో సీతారత్నం హదస్సా చెయ్యి పట్టుకుని ఆపింది. "నువ్వలా నోరు జారతావనుకోలేదు."

"అడిగారు మేడం."

"సరేలే. శుక్రవారం దాకా ఆడిటరు ఇక్కడే ఉంటారు. అందాకా పైడిబాబు పేరు లోపల ఉండనీ. ఆయన బండెక్కగానే తీసేద్దాం. పైడిబాబుకి చెప్పక్కర్లేదు."

అంటే మూడు రోజులు పేరు ఉంటుంది, మనిషి ఉండడు. హదస్సా బల్ల దగ్గర కూచుని పేరు చేర్చింది. కొత్తగా చేసిన షీటులో ఎవరు చెప్పారు అన్నచోట సీతారత్నం అనీ, కారణం దగ్గర విచారణ పూర్తికాలేదు అనీ రాసింది. చేర్చేటప్పుడు తెర నిజంగానా అని అడగలేదు. తీసేటప్పుడే అడుగుతుంది. చాలాసేపు ఆ పేరు చూస్తూ కూచుంది, ఈసారి మొత్తం చదివింది. తర్వాత ఫోను తీసుకుని మెట్ల మీదికి వెళ్ళింది.

"పైడిబాబు గారూ, రేపు రండి."

"ఎందుకమ్మా?"

"మీ కంప్యూటరు తెరుచుకుంటుంది. వచ్చి కూచుని బిల్లులు చేసుకోండి."

"మేడం గారు రమ్మన్నారేటి?"

అబద్ధం చెప్పడం తేలికే. "రమ్మనలేదు. రావద్దని నాతో అనలేదు. మీరు సెలవులో ఉన్నారని ఆడిటరు ముందు చెప్పారు. సెలవు అయిపోయాక వస్తారు కదా మనుషులు."

ఆయనింట్లో టీవీ ఎవరో తగ్గించారు. "గార్డు పట్టుకుని గెంటీస్తే? గెంటీడం ఒకసారి అయిపోనాది కదమ్మా, అందరూ చూసీసారు."

"గేటు దగ్గర నేను నిలబడతాను."

నిలబడింది. గురువారం పైడిబాబు ఇస్త్రీ చొక్కాతో, టిఫిను క్యారియరుతో వచ్చాడు. గార్డు హదస్సాని చూశాడు, ఆయన్ని చూశాడు, తలుపు తీశాడు. ఆయన వచ్చి తన కుర్చీలో కూచుని, పేరు కొట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూశాడు. తెర తెరుచుకుంది. ఆ వరసలో కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. ఎవరూ పలకరించలేదు, నవ్వలేదు. పక్క సీటువాడు మాత్రం ఆయన కాళ్ళ దగ్గరికి చేరిన తన బ్యాగుని తీసి దారి ఇచ్చాడు. పైడిబాబు సోమవారం సగంలో ఆగిన బిల్లు వెతికి, అక్కడినుంచి మొదలుపెట్టాడు. సండే గ్రూపువాళ్ళు తలలు వంచుకున్నారు. ఆ ఫైలు చూసి కిమ్మనకుండా ఊరుకున్నవాళ్ళు మరి.

మధ్యాహ్నం భద్రయ్య ఆ దారినే వెళ్తూ ఆగాడు. "మీరేనా పైడిబాబు?"

"ఔనండి."

"సెలవు అయిపోయిందా?"

పైడిబాబు హదస్సా వైపు చూడలేదు. "అయిపోనాదండి," అన్నాడు.

గాజు గదిలో సీతారత్నం లేచి నిలబడింది. కాసేపు నిలబడి, మళ్ళీ కూచుంది.

శుక్రవారం మధ్యాహ్నం భద్రయ్య అందరికీ నమస్కారం చెప్పి ఫ్లాస్కు పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆయన ఎక్కిన కారు వీధి మలుపు తిరిగిందో లేదో హదస్సా ఫోను మోగింది.

"తీసెయ్ హదస్సా."

"సరే మేడం. కారణం ఏం రాయమంటారు?"

"ఏమిటీ?"

"ఎవరు చెప్పారన్న గడిలో మీ పేరు రాస్తున్నాను. కారణం దగ్గర ఏం రాయను?"

"ఏదో ఒకటి రాయమ్మా."

"మీరు చెప్పండి మేడం. మీరెలా చెప్తే అలా రాస్తాను."

ఫోను పెట్టేసిన చప్పుడు. కాసేపట్లో తన పేరే తియ్యమంటారు, ఆ పని బ్రహ్మచారి చేస్తాడు, ఆయనకి అది చేతనవును. ఆషర్‌కి ఏం చెప్పాలో ఆలోచించింది.

సీతారత్నం ఫోను చెయ్యలేదు, నడిచి వచ్చింది. ఆవిడ గది దాటి ఇంతదూరం రావడం అరుదు. హదస్సా కుర్చీ వెనక నిలబడి తెర చూసింది. పైడిబాబు పేరు, తన పేరు, పక్కన ఖాళీ గడి, అందులో టక్‌టక్‌మని కొట్టుకుంటున్న చిన్న గీత. దొంగతనంగా దూరాడు అని రాయిస్తే, అనుమతి ఉందని ఆడిటరు రాసుకెళ్ళాడు. ఉద్యోగం అవసరం లేదు అని రాయిస్తే, బిల్లింగులోనే నిన్న ఇద్దరు కొత్తవాళ్ళని చేర్చుకున్నారు. చెప్పినందుకు అని రాయించడానికి వీల్లేదు. అదే నిజం కాబట్టి.

హదస్సా వేళ్ళు కీబోర్డు మీద పెట్టుకుని, వెనక్కి తిరగకుండా కూచుంది.

"సోమవారం నేనిచ్చిన కాయితం ఆయన దగ్గరే ఉందా?" అంది సీతారత్నం చివరికి, చాలా తగ్గు గొంతుతో.

"ఉంది మేడం."

"తీసుకురమ్మను. చింపేస్తాను." రెండడుగులు వేసి ఆగింది. "పని చేస్తున్నాడా?"

"బిల్లులు చేస్తున్నారు."

"చెయ్యనీ," అంది. మనిషి ఒక్కసారిగా అలిసిపోయినట్టు కనిపించింది. దారిలో ఎవరో నమస్తే చెబితే బదులు చెప్పకుండా వెళ్ళిపోయింది.

హదస్సా ఆ వరస చెరిపేసింది. గెలిచినట్టేమీ అనిపించలేదు. నాలుగు వరసల అవతల పైడిబాబు కళ్ళజోడు ముక్కు మీదికి తోసుకుని ఏదో అంకె సరిచూసుకుంటున్నాడు. ఆయనకి ఇంకా తెలియదు. లేచి వెళ్ళి చెప్పాలి. లేవబోయి, లేవలేకపోయింది.

ఆయనకంటే ముందు తీసేసినవాళ్ళు గుర్తొస్తున్నారు. రాత్రి షిఫ్టులో కునుకు తీసిందన్న అమ్మాయి. ఎప్పుడూ తెల్లచొక్కా వేసుకునే పెద్దాయన. లిఫ్టు దగ్గర చెప్పు తెగితే చేత్తో పట్టుకుని వెళ్ళిన కుర్రాడు. ఇంకా ఉన్నారు, చాలామంది ఉన్నారు. అమ్మాయి సంగతి క్యాంటీనులో విన్నదే. మిగతావాళ్ళని ఎందుకు తీశారో హదస్సాకి తెలియదు. అడగాలని కూడా అప్పుడు తోచలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. ఎవరు చూస్తే చూడనీ అనుకుని, తెర ముందు కూచుని ఏడ్చింది.